గొడుగప్ప లైటు

తెలుపంటే వెలుగనుకుని చాలాకాలం బతికిన మూర్ఖుణ్ణి నేను. అనుకుని ఊరుకున్నా కొంత పరువు దక్కేది. దాన్నే వృత్తి చేసుకున్నాను.

రాజాంలో ధాన్యం కొట్ల వెనకవీధిలో, ఇరుకు మెట్లెక్కితే వచ్చే గదిలో పెళ్ళి ఆల్బమ్‌లు కట్టే పని నాది. ఫోటోగ్రాఫర్లు పెళ్ళి తీసి, కెమెరాలోని మెమరీ కార్డు తెచ్చి నా బల్లమీద పడేస్తారు. నేను కంప్యూటరు ముందు కూర్చుని, చేత్తో ఎలకను పట్టుకుని, పెళ్ళికూతుళ్ళ మొహాలు కడుగుతాను. వినాయకుడంతటివాడు కూడా ఎలకను నమ్ముకునే తిరిగాడు కదా అని ధైర్యం చెప్పుకునేవాణ్ణి. చామనఛాయ పిల్ల వస్తే గోధుమపిండి చేసేవాణ్ణి, గోధుమరంగు పిల్ల వస్తే మైదాపిండి. నల్లపిల్లయితే రెండు వాయిలు. మగపెళ్ళివారు ఆల్బమ్ తిరగేసి పిల్ల వెలిగిపోతోందంటే, ఆ వెలుగు నాదేనని లోపల్లోపల పొంగేవాణ్ణి. నా కొట్టుకి నల్లగా వచ్చి తెల్లబడనిదంటూ లేదు, నా జుట్టుతో సహా.

నేనీ తెల్లవార్చే ఉద్యోగంలో నిండా మునిగి ఉండగా, ఒక మధ్యాహ్నం ఆమె మెట్లెక్కి వచ్చింది.

అంతకుముందు ఆమె తను తీసిన పెళ్ళిళ్ళ కార్డులు ఎవరిచేతనో పంపించేది గానీ మనిషిని చూడలేదు. నలభై దాటిన వయసు. వాడి వాడి నునుపుదేరిన ఇనపపెనం రంగు. చెంగు బొడ్లో దోపిన నూలుచీర, దానికింద మగవాళ్ళ కాన్వాసు బూట్లు, భుజాన పొడుగాటి సంచి. సంచిలోంచి గొడుగు పిడి బయటికి చూస్తోంది. బయట ఎండ మండిపోతుంటే గొడుగు సంచిలో పెట్టుకుని తిరగడమేమిటని నాకు నవ్వొచ్చింది. ఆమె కూర్చోలేదు. నేను కట్టిన ఆల్బమ్ నా బల్లమీదే తెరిచి, పెళ్ళికూతురి మొహంమీద వేలు పెట్టి, ఈ గుంట ఎవరని అడిగింది; గుంటంటే మా వైపు పిల్ల.

పెళ్ళికూతురేనండీ అన్నాను.

"అది నాకూ కనబడతన్నాది. నాను తీసిన పెళ్ళికూతురు ఏటయిపోనాదని అడుగుతన్నాను."

నేను నా హస్తకళను వివరించబోయాను. ఆమె వేలు కిందికి జరిపింది. తొందరలో మొహం కడిగి చేతులు మర్చిపోయాను. జీలకర్ర బెల్లం పెడుతున్న చేతులు ఒకరివి, సిగ్గుపడుతున్న మొహం ఇంకొకరిది. అత్తవారింట్లో ఈ పిల్లని చేతులు చూసి పోల్చుకోవాలా, మొహం చూసి పోల్చుకోవాలా అని అడిగింది. 

ఇంకెవరైనా అయితే తిట్టి, ఆల్బమ్ మళ్ళీ కట్టించుకుని పోయేవారు. ఆమె ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. సాలూరులో జరగబోయే పెళ్ళికి తనతో రమ్మంది. కుర్చీలో కూర్చుంటే కంప్యూటరు తెలుస్తుంది గానీ లైటు తెలియదంది. నేను ఒప్పుకున్నాను. జ్ఞానం కోసమని చెప్పుకోవడం బాగుంటుంది గానీ, సాలూరు పెళ్ళిళ్ళలో భోజనం బాగుంటుందని విని ఉన్నాను.

సంచిలోని గొడుగు ఎండకీ వానకీ కాదని అప్పుడు తెలిసింది. అది తెల్లగుడ్డ గొడుగు. ఆమె ఫ్లాషును కెమెరా నెత్తిన పెట్టేది కాదు. వేరే స్టాండుకి బిగించి, ఆ గొడుగులోకి తిప్పి పెట్టేది. మీట నొక్కితే మెరుపు గొడుగులోకి పోయి, అక్కడ కాస్త బుద్ధి తెచ్చుకుని, మెత్తగా వెనక్కి వచ్చి పెళ్ళికూతురి చెంపమీద వాలేది. ఫ్లాషును తిన్నగా మొహాన కొట్టడమంటే ఆమె లెక్కలో నలుగురి ఎదుటా లెంపకాయ కొట్టడమే. స్టాండు, గొడుగు, ఫ్లాషు, బాటరీలు, అన్నీ ఆ సంచిలోనే. వాటితో ఆమె స్కూటీమీద పాలకొండ, చీపురుపల్లి, గజపతినగరం, ఎక్కడ బాజా మోగితే అక్కడ దిగేది.

ఆ గొడుగు వల్లనే మా వైపు ఫోటోలవాళ్ళు ఆమెకి గొడుగప్ప అని పేరు పెట్టారు. అప్ప అంటే మా దగ్గర అక్క. వాళ్ళు వెక్కిరింతకే పెట్టారు. ఆమె దాన్ని పెద్ద అక్షరాలతో స్కూటీ ముందుభాగాన రాయించుకుంది. వెక్కిరించేవాళ్ళకి ఆ తర్వాత వెక్కిరించడానికి ఏమీ మిగలలేదు, చదువుకోవడం తప్ప.

అసలు పేరు నేను రాయను. ఫోటో మూలన తమ పేరు అచ్చేసుకునే ఫోటోగ్రాఫర్లంటే ఆమెకి గిట్టేది కాదు. పెళ్ళి వాళ్ళదైతే పేరు నీదేటి అనేది. ఎక్కడ పుట్టింది, ఎవరి దగ్గర నేర్చుకుంది, ఒంటరిగా ఎందుకుండిపోయింది, ఇవేవీ నాకు సరిగ్గా తెలియవు. కళింగపట్నం వైపు ఒడ్డున సముద్రంలో వేటాడే కుటుంబమని మాత్రం తెలుసు. ఒకసారి నేను కాస్త కవిత్వం ఒలికించి, కడలిమీద పొద్దుపొడుపు చూసి చూసి లైటు నేర్చుకున్నావా అప్పా అన్నాను. ఆమె నావైపు జాలిగా చూసింది.

"సముద్రం కాడ పుడితే సాపలు తెలుస్తాయిరా. లైటు ఎందుకు తెలుస్తాది? గడియారాల కొట్టుకాడ పుట్టినోడు బేగి నిద్ర లెగుస్తాడేటి?"

ఆనాటినుంచి ఆమె దగ్గర కవిత్వం మానేశాను.

సూర్యుణ్ణి పెద్దోడనేది, ఫ్లాషుని సిన్నోడనేది. పెద్దోడు మన మాట వినడు, సిన్నోడు వింటాడని నమ్మకం. పెళ్ళింట్లో అడుగుపెట్టగానే ఆమె మొదట వెతికేది పెళ్ళికూతుర్ని కాదు, కరెంటు పెట్టెని. సిన్నోడి బాటరీలకి ఆకలెక్కువ. ఆ పెట్టె దగ్గర మైకుసెట్టువాడితో ఆమెకి ప్రతి పెళ్ళిలోనూ యుద్ధమే. వాడు ఆమె తీగ పీకి తన తీగ పెట్టేవాడు, ఆమె వాడి తీగ పీకి తన తీగ పెట్టేది. ఇందువల్ల మా జిల్లాల్లో చాలా పెళ్ళిపాటలు సగం చరణంలో ఆగిపోయాయి. ఆ సగాల్లో ఆమె బాటరీలు నిండేవి.

గాలికి గొడుగు పడిపోకుండా స్టాండుకి బరువు వేలాడదీయాలి. మిగతా ఫోటోలవాళ్ళు ఇసక సంచులు కట్టుకుంటారు. ఆమె ఇసకెందుకు మొయ్యాలని, పెళ్ళివారి కొబ్బరికాయల సంచి తెచ్చి కట్టేది. అంతా బాగానే ఉండేది, పురోహితుడికి కొబ్బరికాయ కావలసి వచ్చేదాకా. ఎవరో ఒకరు వెతుక్కుంటూ వచ్చి సంచిలో చెయ్యి పెట్టేవారు, గొడుగు ఊగేది, ఆమె ఒక చేత్తో స్టాండూ ఇంకో చేత్తో కెమెరా పట్టుకుని, కాయకి బదులు ఇటుక పెట్టి పట్టుకెళ్ళమనేది. పురోహితులకి ఆమె అలవాటైపోయింది. ముందే తమ కాయ తీసి పక్కన పెట్టుకునేవారు.

వెలుగు అనదు, ఎలుగు అంటుంది. మా వైపు ఉద్దానం తోటల్లో ఎలుగంటే జీడిచెట్ల మధ్య తిరిగే ఎలుగుబంటి. కొత్తలో ఆమె ఫోన్ చేసి, ఒరే, ఈ పిల్ల మొకమ్మీద ఎలుగు ఎడమపక్కనుంచి రావాల అంటే, నేను పిల్ల క్షేమంగా ఉందా అని అడిగేవాణ్ణి. ఒకసారి నవ్వింది. రెండోసారి ఫోన్ పెట్టేసింది. ఎలుగంటే గొంతు అని కూడా ఒక అర్థముంది. ఆ అర్థంలో ఆమెకి లోటు లేదు.

పెళ్ళికూతుర్ని నవ్వమనేది కాదు. నవ్వొస్తే నవ్వు, నేకపోతే ఊరుకో అనేది. చాలామంది ఆ మాటకే నవ్వేసేవారు.

ఇక సాలూరు పెళ్ళి.

సాలూరు లారీల ఊరు. లారీలవాళ్ళింట పెళ్ళంటే పందిరికి గుడ్డ అద్దెకి తేరు, లారీమీద కప్పే నీలం టార్పాలిన్లే ఇంటి ముందంతా కట్టేస్తారు. వాన రాదు, ఎండ రాదు, ఖర్చు రాదు. కానీ ఆ నీలంలోంచి దిగిన వెలుతురులో పసుపు రాసుకున్న ముత్తయిదువలు పచ్చిమామిడికాయల్లా ఉన్నారు. మగవాళ్ళంతా శ్రీకృష్ణులు. నేను ధీమాగా, ఈ రంగులన్నీ ఇంటికెళ్ళి కంప్యూటర్లో సరిచేస్తానన్నాను. ఆమె నా మాట విననట్టు, పందిరి దాటి పెరట్లోకి నడిచింది. అక్కడ ఖాళీ లారీ ఒకటి ఆగి ఉంది. పెళ్ళికూతురికి ఆ లారీ పక్కన కుర్చీ వేయించింది. వెనక ముదురాకుపచ్చ లారీ చెక్కలు, ఎడమపక్క గొడుగు, గొడుగులో సిన్నోడు. కట్నకానుకల గొడవలన్నీ పక్కన పెట్టి, ముహూర్తానికి ముందు పిల్లనొక్కదాన్నీ ఒక ఫోటో తీయడం ఆమె పద్ధతి. పెళ్ళిలో ఇంకే ఫోటోలోనూ పిల్ల ఒక్కతీ ఉండదనేది.

ఆ పిల్ల మంచి నలుపు. విజయనగరం నుంచి రప్పించిన బ్యూటీషియను ఆ నలుపుమీద పౌడరుతో గెలవాలని పట్టుదలగా పనిచేసి వెళ్ళింది. గొడుగప్ప ఒక ఫోటో తీసి, కెమెరా వెనక బొమ్మ చూసి, పిల్ల చేతికిచ్చింది. ఆ పౌడరుమీద ఫ్లాషు పడితే ఏమవుతుందో నేనప్పుడే చూశాను. మెడ చీకట్లో ఉంది, పైన సున్నం కొట్టిన మొహమొకటి గాల్లో తేలుతోంది. పిల్ల చాలాసేపు చూసింది.

"నానిలగున్నానా?"

"పౌడరలగున్నాది. నువ్వు దాని కిందెక్కడో ఉన్నావు."

పిల్ల లేచి వెళ్ళి, లారీలు కడిగే కుళాయి దగ్గర మొహం కడుక్కుంది. బాసికం చేత్తో పట్టుకుని, పట్టుచీర తడవకుండా ముందుకి వంగి, ఒకసారి, మళ్ళీ ఒకసారి. తల్లి గుండె బాదుకుంటూ పరిగెత్తుకొచ్చింది. ఆమె వెనకే పెళ్ళికొడుకు పెదనాన్న వచ్చాడు. ఫోటోల బేరం ఆడింది ఆయనే. పిల్ల తడిమొహం చూసి ఆయన మొహం ఆరిపోయింది. మా కుర్రాడు ఎర్రగా ఉంటాడు, పక్కన పిల్ల తెల్లగా కనబడాలి, ఆల్బమ్ పదిమందీ చూస్తారు, పౌడరు మళ్ళీ రాయించి తెల్లగా తియ్యమ్మా అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అలా అనడంలో ఏమైనా తప్పుందని ఆయనకి తోచలేదు. తోచదు కూడా, నాకూ అన్నేళ్ళు తోచలేదు.

గొడుగప్ప కెమెరాలోంచి కన్ను తీయకుండానే అంది.

"నాను ఆ పిల్లని తీస్తాను బాబూ. తెలుపే కావాలంటే సున్నమేసిన గోడున్నాది, దాన్ని తీసి ఇస్తాను, పటం కట్టించుకోండి."

 పెదనాన్నగారు బేరం వెనక్కి తీసుకుంటానన్నాడు. ఆమె వెంటనే ఒప్పుకుంది. ఈ ఒక్క ఫోటో తీసి వెళ్ళిపోతాను, దీనికి మీరేమీ ఇవ్వక్కర్లేదు, ఇది నాకూ ఈ పిల్లకీ మధ్య అంది. ఆయన ఫోన్ పట్టుకుని పక్కకి పోయాడు. ఆమె గొడుగుని ఒక జానెడు దగ్గరికి జరిపింది, కిందికి కొంచెం వంచింది. తెల్ల మొహమ్మీద ఎలుగు అతుక్కుంటాది, నల్ల మొహమ్మీద జారతాది, జారేదాన్ని పట్టుకోవాలంటే పక్కనుంచే రావాల అని, నాకు చెప్తోందో తనలో తను అనుకుంటోందో, గొణుక్కుంది. పిల్ల తిన్నగా కెమెరాలోకి చూసింది. నవ్వలేదు. సిన్నోడు మెరిశాడు.

నేనా ఫోటో అక్కడే చూశాను. చెంప ఎముకమీద, ముక్కుపుడక పక్కన, పైపెదవి అంచున వెలుగు సన్నగా జారి ఆగింది. కుళాయినీళ్ళు కణతమీద ఇంకా ఆరలేదు. అంత వెలుగున్న మొహాన్ని నేనెన్నడూ ఆల్బమ్‌లో పెట్టలేదు. వెలుగుంది, తెలుపు లేదు. నా వృత్తిధర్మం ప్రకారం అది అసాధ్యం.

ముహూర్తానికి ముందే వేరే స్టూడియో మనుషులు రెండు పెద్ద లైట్లతో వ్యానులో దిగారు. మా వైపు ఫోటోలవాళ్ళ సంఘానికి అధ్యక్షుడి స్టూడియో అది. ఆమె గొడుగు మూసి, కొబ్బరికాయల సంచి పట్టుకెళ్ళి పురోహితుడికి అప్పజెప్పి, బయల్దేరింది. నేను భోజనాల వైపు ఒకసారి చూసి, బరువెక్కిన మనసుతో, తేలికైన కడుపుతో స్కూటీ వెనక కూర్చున్నాను. బొబ్బిలిలో టీకి ఆగాం. ఇంత దూరం వచ్చి, నోరు పారేసుకుని, చేతికొచ్చిన బేరం పోగొట్టుకున్నావు కదా అప్పా అన్నాను. నిజానికి ఆ మాట నా భోజనం గురించి.

"బేరం పోనాది. బొమ్మున్నాది," అని, రెండో టీ తనకే చెప్పుకుంది.

ఆ పెళ్ళి తర్వాత అధ్యక్షులవారు ఒక మాట ఊరూరా తిప్పారు. ఆవిడ గొడుగు కింద కూర్చుంటే పిల్లలు నల్లబడిపోతారట. ఈ మాట పెళ్ళిచూపుల కబురంత వేగంగా పాకింది. ఆమెకి బేరాలు తగ్గాయి. సంఘం వార్షిక సమావేశంలో ఆయన అదే మాట మైకులో అన్నాడు. లోకంలో అందరూ నల్లబడకుండా గొడుగు పట్టుకుంటారు, మన గొడుగప్ప నల్లబడ్డానికి పడుతుంది అని. హాలంతా నవ్వింది. సంఘంలో ఆడమనిషి ఆమె ఒక్కతే. ఆమె వెనక వరసలోంచి లేచి, మైకు అక్కర్లేని గొంతుతో, "మీ లైటు కింద ఊళ్ళో పిల్లలందరికీ ఒకే మొకం సార్. అప్పగింతలనాడు ఎవుల పిల్లని ఏ కారెక్కిస్తన్నారో సూసుకోండి," అని కూర్చుంది. నవ్వు కొంచెం ఆలస్యంగా, రెండో వైపునుంచి వచ్చింది.

కొన్నాళ్ళకి సాలూరు పిల్ల మొగుడితో కలిసి నా మెట్లెక్కింది. స్టూడియోవాళ్ళు ఆల్బమ్ ఇచ్చారట, అట్ట బాగుందట.  మొగుడే నసిగాడు. లారీ పక్కన తీసిన ఫోటో ఒకటి ఉండాలి, అది పెద్దది చేసి ఇస్తారా అన్నాడు. ఆల్బమ్ ఉంది కదా అన్నాను, వ్యాపారస్తుణ్ణి కాబట్టి తెలివితక్కువగా.

"ఆల్బంలో ఉన్నది ఎవులో నాకు తెల్దండి," అన్నాడతను. "నాను సేసుకున్నది ఆ ఫోటోలో ఉన్నాది."

ఆ సంగతి చెబితే గొడుగప్ప పొంగిపోతుందనుకున్నాను. లారీ చెక్కలు కాస్త చీకటిగా అచ్చు వేశానని తిట్టింది. తిట్టడం అయ్యాక, ఆ కుర్రాడు అన్నమాట మళ్ళీ చెప్పించుకుంది.

అప్పటినుంచి ఆమె కార్డులోని మొహాలు నేను ముట్టుకోలేదు. మిగతావాళ్ళ కార్డులు మామూలుగానే కడిగేవాణ్ణి. రాత్రికి రాత్రే మారిపోయే మనుషులు కథల్లో ఉంటారు, వాళ్ళకి కొట్టు అద్దె ఉండదు. ఆమె అది చూసేది, మానమని మాత్రం అనేది కాదు. నా పక్క కుర్చీలో కూర్చుని, తెరమీద మొహాలు పాలిపోవడం చూస్తూ, ఓలమ్మా, ఈ పిల్లకి ఏ జబ్బు సేసిందో అనేది. నా చెయ్యి కాస్త నెమ్మదించేది.

బేరాలు తగ్గాయన్నాను గానీ ఆగిపోలేదు. పెద్దవాళ్ళు ఆడే బేరాలు పోయాయి. పిల్లలు తామే ఫోన్ చేసి ఆడే బేరాలు వచ్చాయి. రాజాం ఆసుపత్రిలో నర్సు, పార్వతీపురంలో ఒక ఆడ కానిస్టేబులు, ఎచ్చెర్లలో చదువుకుంటున్న పిల్ల. వాళ్ళలో కొందరు తెల్లగానే ఉండేవారు. వాళ్ళకీ అదే గొడుగు, అదే మాట: నవ్వొస్తే నవ్వు. నలుపు తెలుపు ఫోటోల కాలం పోయిందనుకుంటాం గానీ, మా వైపు పెళ్ళిళ్ళలో అన్నీ నలుపు తెలుపు తగాదాలే. ఆమె ఆ తగాదా ఒక్కసారి కూడా మానలేదు. అలిసిపోవా అప్పా అని అడిగితే, అలిసిపోయినోడి మొకం కూడా నిజంగానే ఉంటాది, దాన్నీ తియ్యొచ్చు అంది.

మొన్న కార్తీకంలో పోయింది. పెళ్ళిళ్ళు మొదలయ్యే నెల. గుండె ఆగిపోయిందన్నారు.

ఆమె తమ్ముడు వచ్చాడు నా దగ్గరికి. ఒడ్డునుంచి బస్సులు మారి, కొట్టు వెతుక్కుంటూ వచ్చాడు. పెద్దకర్మకి ఫ్లెక్సీ కట్టాలి. మా దగ్గర మనిషి పోతే జంక్షన్లో ఫ్లెక్సీ తప్పదు. పైన మబ్బులు, మధ్యలో పోయినవారి మొహం, కింద వరసగా నివాళి అర్పించేవాళ్ళ మొహాలు. అతను ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. ఎవరి పెళ్ళి భోజనాల్లోనో తీసింది, ఆమె పక్కనున్న మనిషి భుజం వెనక సగం దాగి ఉంది. దాన్ని కోసి, కాసింత తెల్లగా చెయ్యమన్నాడు. నేను తటపటాయించాను. ఆమెకి అది ఇష్టముండేది కాదని మెల్లగా చెప్పాను. అతను తల వంచుకున్నాడు.

"నాకు తెల్దేటి బాబూ. బతికున్నన్నాళ్ళూ అందరూ నల్లది నల్లదన్నారు. పోనాకైనా అనిపించుకోకుండా ఉంటాదని."

నేను అన్నేళ్ళు చేసిన పనికి అంత మంచి కారణం నాకెవరూ చెప్పలేదు. ప్రేమతో అడిగే తెలుపు కూడా ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. కాదనలేక, అవుననలేక, ఇంతకంటే మంచి ఫోటో ఉందేమో చూస్తానని కంప్యూటరు తెరిచాను. ఆమె పాత కార్డులన్నీ వరసగా వెతికాను. ఆల్బమ్ కట్టేటప్పుడు నేను చూడకుండా పక్కకి నెట్టే చెత్త ఫోటోలు కొన్ని ప్రతి కార్డులోనూ ఉంటాయి, లైటు సరిచూసుకోవడానికి తీసేవి. పిల్ల తన రంగు పిల్లయితే, ఆమె కెమెరా పక్కవాళ్ళ చేతికిచ్చి, పెళ్ళికూతురి కుర్చీలో తనే కూర్చునేదట. ఆ రంగుమీద ఎలుగు ఎలా పడుతుందో చూసుకోడానికి. ఒకటి దొరికింది. ఎవరి పెళ్ళో తెలియదు. అరిటాకుల పచ్చదనం ముందు, నూలుచీరలో, కాన్వాసు బూట్లతో, కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. గొడుగులోంచి వెలుగు వచ్చి ఎడమచెంపమీద పడింది. మీట నొక్కుతున్న మనిషి సరిగా పట్టుకోలేదేమో, నోరు తెరిచి తిడుతోంది.

తమ్ముడు తెరకి దగ్గరగా వచ్చి నిలబడ్డాడు. ఇదే మా అప్ప అన్నాడు. రంగు సంగతి ఎత్తలేదు. పోతూ పోతూ, తిడతన్నది కూడా అలగే ఒగ్గీండి, మార్చకండి అన్నాడు.

మధ్యాహ్నానికి సంఘం నుంచి కబురొచ్చింది. ఆమె మా సభ్యురాలు, కింద వరస మాది, అశ్రునివాళి అని పెద్దగా వెయ్యి, మొదట అధ్యక్షులవారి ఫోటో, తర్వాత కార్యవర్గం. వాళ్ళ ఫోటోలు వేరే పంపక్కర్లేదు, అన్నీ నా దగ్గరే ఉన్నాయి. ప్రతి ఏడాదీ వాళ్ళ శుభాకాంక్షల ఫ్లెక్సీలు చేసేది నేనే, వాళ్ళని మైదాపిండి చేసిందీ నేనే. కడిగిన మొహాలు ఒక చోట ఉన్నాయి. కడగకముందు వాళ్ళు పంపిన అసలు మొహాలు ఇంకో చోట ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూశాను. అధ్యక్షులవారు గొడుగప్ప కంటే ఒక వన్నె ఎక్కువ నలుపు. ఇన్నేళ్ళుగా ఆయన మొహం కడుగుతూ నేనది గమనించనే లేదు.

అసలు మొహాలు తీసి వరసగా పేర్చాను. ఒక్కదాన్నీ ముట్టుకోలేదు. నా జీవితంలో అంత తక్కువ పని చేసి అంత ఎక్కువ సంతోషపడిన రోజు లేదు.

మర్నాడు పొద్దున్నే రాజాం జంక్షన్లో ఫ్లెక్సీ కట్టారు. పైన ఆమె, చేతులూ మొహమూ ఒకే మనిషివిగా, నోరు తెరిచి తిడుతూ. కింద సంఘం కార్యవర్గమంతా, తల్లులు కన్న రంగుల్లో. టిఫిను బళ్ళ దగ్గర జనం ప్లేట్లు పట్టుకుని వచ్చి, ఈ మొదటాయన ఎవరు, ఎక్కడో చూసినట్టుందే అని పేరు చదివి పోల్చుకున్నారు. ఇడ్లీ చల్లారేలోపు అధ్యక్షులవారి ఫోన్ వచ్చింది.

"ఏటయ్యా ఇది? నా మొకం ఇలగేసీసావేటి? మిషను పాడయ్యిందా?"

మిషను బాగానే ఉంది సార్ అన్నాను. రంగు కూడా అయిపోలేదు.

"మరేటి? బేగి దింపించి మళ్ళీ కొట్టించు. ఖర్చు నాది."

"మీ ఫ్లెక్సీ అయితే మార్చేద్దును సార్. ఇది మా అప్పది. ఇందులో ఎవరి రంగు మార్చాలన్నా ఆవిణ్ణే అడగాలి."

ఆయన అడగలేదు. పెద్దకర్మ అయ్యేదాకా ఫ్లెక్సీ అక్కడే ఉంది. అన్నాళ్ళూ సంఘం అధ్యక్షులవారు జంక్షన్ వైపు రాకుండా, ధాన్యం కొట్ల వెనకనుంచి, బురదలో, నా కిటికీ కిందుగా నడుచుకుంటూ తన స్టూడియోకి వెళ్ళారు. నేను కిటికీ తీసి, ప్రతి ఉదయం నమస్కారం పెట్టాను.